అమ్మాయిల ఫుట్‌బాల్‌కు మైదానంలో నికరమైన వేళ ఇవ్వండి: విజయవాడ అధికారులకు, పౌరులకు బహిరంగ లేఖ

నగర పాలన, క్రీడలు, పాఠశాల విద్య, పోలీసు శాఖల అధికారులకు, ప్రజాప్రతినిధులకు, ప్రధానోపాధ్యాయులకు, విజయవాడ తల్లిదండ్రులకు

నమస్కారం.

మేం ఈ నగరంలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే శిక్షకులం, వ్యాయామ ఉపాధ్యాయులం, రిఫరీలం. అమ్మాయిల సాధనకు మైదానంలో ఒక వేళ కేటాయించమని సంబంధిత కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. నకలు మీద ముద్ర వేసి చేతికిచ్చారు. ఆ తర్వాత కదలిక లేదు. అడిగినప్పుడల్లా ఫైలు పైకి వెళ్ళిందన్న మాటే వినిపిస్తోంది. ఈలోగా మరో విద్యా సంవత్సరం గడిచిపోతోంది, ఇంకో తొమ్మిదో తరగతి బ్యాచ్ ఆట మానేస్తోంది. అందుకే అదే విషయాన్ని అందరి ముందూ పెడుతున్నాం. ఎవరినీ నిందించాలని కాదు. ఇక్కడ అడిగినవన్నీ మీ సంతకంతో అయ్యే పనులే.

విజయవాడ, గుంటూరు ఆడపిల్లలకు ఆటల్లో ఆదర్శాలు కరువైపోలేదు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ ఈ ఊరి అమ్మాయే. 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చదరంగం గెలిచిన కోనేరు హంపి మన మనిషే. చదరంగం గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారిక గుంటూరు బిడ్డ. అయితే విలువిద్య, చదరంగం ఒంటరిగా సాధన చేయగలిగేవి. ఒక ఇల్లు, ఒక గురువు పట్టుదలగా నిలబడితే ఒక బిడ్డను ప్రపంచ స్థాయికి తీసుకెళ్ళొచ్చు. ఫుట్‌బాల్ అలా రాదు. ఒక్క మ్యాచ్ జరగాలంటే రెండు వైపులా కలిపి 22 మంది, సబ్‌స్టిట్యూట్లతో ముప్పై మంది దాకా అమ్మాయిలు ఒకే సాయంత్రం ఒకే చోటికి రావాలి. అంటే ముప్పై ఇళ్ళు ఒకేసారి సరే అనాలి. అది ఏ ఒక్క తండ్రి చేతిలోనూ లేదు. ఊరంతా కలిసి చేయాల్సిన పని. మన దగ్గర జరగనిది అదే.

తెలుగు నేల మీద ఫుట్‌బాల్‌కు కూడా చెప్పుకోదగ్గ మనిషి ఉంది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది. 2023లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్ కొట్టింది. క్వాలిఫయర్లు ఆడి గెలిచి ఆ టోర్నీకి వెళ్ళడం మన అమ్మాయిలకు అదే మొదటిసారి. ఈ పేర్లు పిల్లలకు చెప్పాలి, ఫొటోలు బడి గోడల మీద పెట్టాలి.

కానీ పదమూడేళ్ళ పిల్లకు ఫొటో ఒక్కటే చాలదని మా అనుభవం. తన వీధి చివర ఇంట్లో ఉంటూ, టెన్త్ పాసై, ఇంటర్ చదువుతూ, ఇంకా సాయంత్రం స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) సంచిలో వేసుకుని గ్రౌండ్‌కు వెళ్ళే అక్క కావాలి. ఆ అక్కను చూస్తే పిల్లకు ధైర్యం వస్తుంది. అంతకంటే ముఖ్యంగా పిల్ల తల్లికి ధైర్యం వస్తుంది. మన నగరంలో అలాంటి అక్కలు మిగలడం లేదు. ఆరు, ఏడు తరగతుల్లో అబ్బాయిలకు దీటుగా పరిగెత్తిన పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి సగం మంది కనిపించరు, ఇంటర్‌లో ఒకరిద్దరు మిగిలితే గొప్ప. ఎక్కడ, ఎందుకు ఆగిపోతున్నారో మాకు తెలుసు. ఒక్కొక్కటే రాస్తున్నాం.

1. సాయంత్రం మైదానంలో అమ్మాయిలకు చోటు లేదు.

నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు నగరంలోని ఏ ఖాళీ మైదానమైనా క్రికెట్‌తో నిండి ఉంటుంది. ఒకే గ్రౌండ్‌లో నాలుగైదు జట్లు ఒకదాని మీద ఒకటిగా ఆడుతుంటాయి. అమ్మాయిలకు ప్రహరీ పక్కన ఒక మూల దొరుకుతుంది. అక్కడ పాస్ ఇస్తే బంతి గోడకు తగులుతుంది, తలెత్తితే క్రికెట్ బంతి వస్తుంది. పది రోజులు చూసి తండ్రి వద్దంటాడు. ఆయన మాటలో తప్పు లేదు. అబ్బాయిలను వెళ్ళగొట్టమని మేం అనడం లేదు. వేళలు పంచమంటున్నాం.

సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 4.45 నుంచి 6.15 వరకు, ఆదివారం 4.30 నుంచి 6.30 వరకు మైదానం పూర్తిగా అమ్మాయిలకు ఇవ్వండి. నగరమంతటికీ ఒక పెద్ద స్టేడియం చాలదు. పిల్లలు నడిచి వచ్చే దూరంలో, అంటే కిలోమీటరున్నర లోపల ఉండాలి. అజిత్ సింగ్ నగర్ వైపు ఒకటి, వన్ టౌన్-భవానీపురం వైపు ఒకటి, కృష్ణలంకలో ఒకటి, పటమటలో ఒకటి, మొత్తం నాలుగు చాలు. ఉన్న మైదానాలే, కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు.

కొద్దిమంది అమ్మాయిలకు ఒక పూర్తి మైదానం ఎందుకని అడుగుతారు. లెక్క చూడండి. 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు ఉన్న గ్రౌండ్‌ను కోన్లు పెట్టి నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 50 మీటర్లు × 32 మీటర్లు వస్తుంది. ఏడుగురు చొప్పున ఆడే ఆటకు అది సరిపోయే కొలత. ఒకే గంటలో 56 మంది అమ్మాయిలు ఖాళీగా నిలబడకుండా బంతి ఆడతారు. ఆ గ్రౌండ్‌లో అదే గంటలో క్రికెట్ ఆడితే, నిజంగా బంతి తగిలేది ఎంతమందికో ఎవరైనా చూడొచ్చు.

వేళల బోర్డు గేటు దగ్గర పెయింట్‌తో రాయించండి. కాగితం అంటిస్తే వారంలో చిరిగిపోతుంది, తర్వాత 'ఎవరు చెప్పారు మీకు' అన్న ప్రశ్న మొదలవుతుంది. వాచ్‌మన్‌కు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. అది లేకపోతే గేటు దగ్గర వాదించే బాధ్యత పద్నాలుగేళ్ళ పిల్లల మీద పడుతుంది.

2. సభలు, ఎగ్జిబిషన్లు అయ్యాక మైదానం ఎవరిదీ కాకుండా పోతోంది.

రాజకీయ సభలు, ఎగ్జిబిషన్లు, దీపావళికి టపాసుల దుకాణాలు మైదానాల్లోనే పెడతారు. నగరానికి అవీ కావాలి. కానీ షామియానా గుంజలు పీకేశాక అరడుగు లోతు గుంతలు అలాగే ఉంటాయి. వాటి మీద దుమ్ము పేరుకుని పైకి చదునుగా కనిపిస్తాయి. పరిగెత్తే పిల్ల కాలు అందులో పడితే చీలమండ మడత పడుతుంది. తాళ్ళకు కొట్టిన ఇనప మేకులు, గాజు పెంకులు, తీగ ముక్కలు మట్టిలోనే మిగిలిపోతాయి. కొందరు పిల్లలకు స్టడ్స్ కొనే స్థోమత లేదు, పల్చటి కాన్వాస్ బూట్లతో ఆడతారు. మేకు ఆ అడుగును సులువుగా చీలుస్తుంది.

మైదానం అద్దెకిచ్చే ప్రతిసారీ నిర్వాహకుల దగ్గర డిపాజిట్ తీసుకోండి. కార్యక్రమం అయిన మూడు రోజుల్లో మూడు పనులు చేయించాకే అది తిరిగివ్వండి. ఒకటి, గుంతల్లో ఎర్రమట్టి, ఇసుక కలిపి నింపి, నీళ్ళు పోసి, దిమ్మిస కొట్టాలి. వట్టి ఇసుక పోస్తే మొదటి వానకే కుంగిపోతుంది. రెండు, కర్రకు పెద్ద అయస్కాంతం కట్టి మైదానమంతా ఈడ్చి మేకులు ఏరాలి. మూడు, వ్యాయామ ఉపాధ్యాయుడో శిక్షకుడో నడిచి చూసి సంతకం పెట్టాలి.

ఇక్కడే మరో రెండు విషయాలు. గీతలకు సున్నం వాడకండి, కళ్ళలో పడితే కాలుతుంది, పడిన పిల్ల మోకాలి చెక్కు మీద మండుతుంది. సుద్ద ముగ్గుపిండి చాలు. అటూ ఇటూ మార్చే ఇనప గోల్ పోస్టులకు వెనక కడ్డీ మీద ఇసుక బస్తాలు వేయించండి, లేదా నేలలోకి మేకు దిగ్గొట్టి కట్టించండి. పిల్లలు అడ్డకర్ర పట్టుకుని వేలాడితే కట్టని గోల్ పోస్టు ముందుకు పడిపోతుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఇలా పిల్లల ప్రాణాలు పోయాయి.

3. మరుగుదొడ్డికి తాళం, దారిలో చీకటి.

మైదానంలో మరుగుదొడ్డి ఉన్నా దానికి తాళం ఉంటుంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియదు. నెలసరి రోజుల్లో పిల్ల రాదు. నెలకు నాలుగైదు రోజులు రాకపోతే సాధనలో వెనకబడుతుంది. వెనకబడితే జట్టులో చోటు పోతుంది. అప్పుడు మానేస్తుంది. ఇంట్లో చదువు కోసం మానేసిందని చెప్తారు. అసలు కారణం తాళం చెవి. కేటాయించిన వేళల్లో ఒక మరుగుదొడ్డి తెరిచి ఉండాలి, నీళ్ళు రావాలి, లోపల గడియ పడాలి, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి, శానిటరీ ప్యాడ్లు ఒక డబ్బాలో పెట్టాలి. ఒక గోడ పక్కన బట్టలు మార్చుకునేందుకు తలుపున్న గది కావాలి. రేకుల షెడ్డయినా ఫరవాలేదు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంతో సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ ఖర్చు లేదు. ఇది మాకు పెద్ద ఊరట. దూరపు పిల్లల రానుపోను ఖర్చు ఇళ్ళ మీద పడడం లేదు. ఇక మిగిలింది మైదానం గేటు నుంచి బస్‌స్టాప్ దాకా ఉన్న దారి. నవంబర్, డిసెంబర్, జనవరిలో ఆరింటికే చీకటి పడుతుంది. ఆ దారిలో వెలగని వీధి దీపాలు బాగుచేయించండి. ఆరు నుంచి ఏడు వరకు మహిళల భద్రత చూసే పోలీసు శక్తి టీమ్ గానీ, బీటు కానిస్టేబుల్ గానీ ఒకసారి అటు తిరిగితే చాలు. గేటు బయట బైకుల మీద కూర్చుని వ్యాఖ్యానాలు చేసేవాళ్ళు వారం తిరగకుండా సర్దుకుంటారు.

4. శిక్షణలో ఆడమనిషి ఉండాలి. అది సీనియర్ అమ్మాయే అయితే మరీ మంచిది.

తల్లిదండ్రులు మమ్మల్ని మొదట అడిగేది ఆట గురించి కాదు, 'అక్కడ ఆడవాళ్ళెవరైనా ఉంటారా?' అని. 2022లో దేశపు అండర్-17 అమ్మాయిల జట్టు విదేశీ పర్యటనలో ఉండగా ఒక సహాయ శిక్షకుడిని లైంగిక దుష్ప్రవర్తన కారణంగా తొలగించారు. జాతీయ జట్టులోనే అలా జరిగినప్పుడు తల్లులు అడగడంలో ఆశ్చర్యం లేదు. అందుకని ఈ నియమాలు మా మీద పెట్టండి, మేం వాటికి కట్టుబడతాం. సాధనలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, ఒకరు స్త్రీ. ఊరు దాటి వెళ్ళే జట్టుతో మహిళా మేనేజర్ లేకపోతే జట్టును పంపకూడదు. శిక్షకుడు పిల్లలతో విడిగా ఫోన్ సందేశాలు పెట్టకూడదు, తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో బోర్డు మీద, పిల్లల సహాయవాణి 1098 నంబరుతో సహా, రాసి ఉండాలి. పోక్సో చట్టం గురించి ఏటా ఒక పూట శిక్షకులందరికీ తరగతి పెట్టాలి.

మహిళా శిక్షకులు దొరకడం లేదని అంటారు. తయారు చేస్తే దొరుకుతారు. ఇంటర్, డిగ్రీ చదువుతున్న మాజీ క్రీడాకారిణులను మైదానానికి ఇద్దరు చొప్పున సహాయ శిక్షకులుగా తీసుకోండి. వారానికి నాలుగు సాయంత్రాలకు నెలకు 5,000 రూపాయలు గౌరవ వేతనం ఇవ్వండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే ప్రాథమిక శిక్షకుల కోర్సు, తర్వాత డి లైసెన్స్ ఫీజు కట్టండి. ఆ ఐదు వేలు ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడుతుంది. 'ఆటతో ఏమొస్తుంది' అన్న నానమ్మకు చూపించడానికి ఒక జవాబు దొరుకుతుంది. చిన్నపిల్లలకు కళ్ళెదుటే ఒక అక్క ఉంటుంది. ఈ లేఖలో ఒక్క కోరికే తీర్చగలమంటే దీన్నే తీర్చండి.

5. దుస్తుల విషయంలో అనవసరపు అడ్డంకులు.

నిక్కరు వేసుకోవాల్సి వస్తుందని చాలామంది మానేస్తారు. ఆట నియమాల్లో నిక్కరు ఉండాలి గానీ, కాళ్ళు కనిపించాలన్న బలవంతం లేదు. నిక్కరు కింద అదే రంగు టైట్స్ వేసుకోవచ్చు. తలకు వస్త్రం కట్టుకుని ఆడడానికి 2014లోనే అంతర్జాతీయ అనుమతి వచ్చింది. జెర్సీ రంగుకు కలిసి, పిన్నులు లేకుండా, తలకు బిగుతుగా ఉంటే చాలు. వన్ టౌన్‌లో, గుంటూరు లాలాపేటలో ముస్లిం కుటుంబాల పిల్లలు ఎందరో ఆడాలనుకుంటారు. స్థానిక టోర్నీల్లో నియమం తెలియని నిర్వాహకులు అభ్యంతరం పెట్టి వాళ్ళను వెనక్కి పంపకూడదు. రిఫరీలుగా ఈ మాట మేం బాధ్యతతో చెప్తున్నాం.

బడి జట్లకు తెల్ల నిక్కర్లు కుట్టించకండి. మరక పడుతుందన్న భయంతో పిల్ల పరిగెత్తదు. ఇంగ్లండ్ మహిళల జట్టే 2023లో తెల్ల నిక్కరు వదిలి నీలం రంగుకు మారింది. నలుపో ముదురు నీలమో తీసుకోండి, ఖర్చులో తేడా లేదు. ఎవరూ నోరు విప్పని ఇంకో వస్తువు స్పోర్ట్స్ బ్రా. పన్నెండు, పదమూడేళ్ళకు చాలామంది పరుగు తగ్గించడానికి అది లేకపోవడమే కారణం. కిట్‌లో బూట్లతో పాటు దాన్నీ చేర్చండి. కొలతలు తీసుకునే పని మహిళా టీచర్‌కు అప్పగించండి.

6. రక్తం, తిండి, మోకాళ్ళు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో టీనేజి అమ్మాయిల్లో నూటికి దాదాపు 60 మందికి రక్తహీనత ఉంది. మైదానంలో అది ఎలా కనిపిస్తుందంటే, పది నిమిషాలకే ఆయాసం, కళ్ళు తిరగడం, రెండో సగంలో నడక. శిక్షకుడు బద్ధకం అనుకుని తిడతాడు. పిల్ల కూడా తన వల్ల కాదనుకుంటుంది. జులైలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి బడిలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర నిజంగా మింగేలా చూడాలి. ఖాళీ కడుపుతో మింగితే వికారం వస్తుంది, అందుకే పిల్లలు పారేస్తారు. భోజనం తర్వాత ఇవ్వాలి. టీ, కాఫీ గంట పాటు దూరం పెట్టాలి.

మధ్యాహ్నం పన్నెండున్నరకు బడిలో తిన్న పిల్ల సాయంత్రం ఆరు దాకా పరిగెత్తలేదు. సాధనకు వచ్చేవాళ్ళకు నాలుగు గంటలకు ఒక ఉడికించిన గుడ్డు, ఒక వేరుశనగ చిక్కీ అదనంగా ఇవ్వండి. రెండూ ఇప్పటికే మధ్యాహ్న భోజనంలో సరఫరా అయ్యేవే. ఏప్రిల్ వస్తే సాయంత్రం సాధన ఆపి ఉదయం 5.45 నుంచి 7.15కి మార్చాలి. ప్రతి పదిహేను నిమిషాలకు ఒక గ్లాసు నీళ్ళు, చివర ఉప్పు మజ్జిగ. కృష్ణా తీరంలో ఉక్కపోత ఎక్కువ. చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అందువల్ల ఉష్ణోగ్రత అంకె చూసి ధైర్యపడకూడదు.

అమ్మాయిల్లో మోకాలి ఎముకలను కలిపి పట్టే ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలాసార్లు ఎవరూ తగలకుండానే, దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగడం వల్ల తెగుతుంది. ఆపరేషన్ ఖర్చు, ఏడాది విశ్రాంతి, ఇంట్లో 'ముందే చెప్పాం' అన్న మాట, అంతటితో ఆట అయిపోయినట్టే. దీనికి ఫిఫా రూపొందించిన 11 ప్లస్ అనే వార్మప్ ఉంది. ఖర్చు సున్నా, సమయం 20 నిమిషాలు. ఎనిమిది నిమిషాలు నెమ్మది పరుగుతో మలుపులు, పది నిమిషాలు నడుం, తొడల బలం, ఒంటికాలి నిలకడ, దూకి మెత్తగా దిగడం, చివర రెండు నిమిషాలు వేగంగా పరుగు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల జట్ల మీద పరీక్షించి చూస్తే గాయాలు మూడో వంతు దాకా తగ్గాయి. వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. వ్యాయామ ఉపాధ్యాయులందరికీ ఒక్క రోజు శిక్షణ పెడితే నేర్చుకుంటారు. నేర్పడానికి మేం డబ్బు అడగం.

7. బీరువాలో బంతులు.

కొన్ని బడుల్లో బంతులు లేక కాదు, బయటికి రాక ఆట లేదు. పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో తాళం వేస్తారు. వాడని బంతి ఏడాదికి పాడవుతుంది. వాల్వ్ ఎండిపోతుంది. అప్పుడు పొడి సూది గుచ్చి గాలి కొడితే లోపల బ్లాడర్ చిరుగుతుంది. సూదిని తడిపి, వీలైతే ఒక చుక్క గ్లిజరిన్ రాసి గుచ్చాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 4 నంబరు బంతి ఇవ్వాలి. పెద్దవాళ్ళ 5 నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములుంటుంది, దాంతో తలకు, మణికట్టుకు దెబ్బ తగిలి చిన్నపిల్లలు బంతికి భయపడతారు. వాడుకలో అరిగిన బంతిని నష్టంగా చూడవద్దని, దానికి ఉపాధ్యాయుల జీతం కోత పెట్టరని విద్యాశాఖ ఒక చిన్న సర్క్యులర్ ఇస్తే బీరువాలు తెరుచుకుంటాయి.

8. ఏడాదికి ఒక్క మ్యాచ్‌తో ఆటగాళ్ళు తయారవరు.

ఇప్పుడు జరిగేది ఇది. స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు వారం ముందు కబడ్డీ, ఖోఖో, పరుగు పందేల పిల్లలను కలిపి ఒక ఫుట్‌బాల్ జట్టు చేస్తారు. నాకౌట్‌లో నలభై నిమిషాలు ఆడి ఓడిపోయి ఇంటికి వస్తారు. ఏడాది అంతా అంతే.

మా ప్రతిపాదన ఇది. నాలుగు మైదానాల నుంచి రెండేసి జట్లు, మొత్తం ఎనిమిది. ప్రతి జట్టూ మిగిలిన ఏడింటితో ఒక్కోసారి ఆడితే 28 మ్యాచ్‌లు. ఒక మైదానంలో నాలుగు చిన్న పిచ్‌లు గీస్తే నాలుగు మ్యాచ్‌లూ ఒకే గంటలో అయిపోతాయి. అంటే ఏడు ఆదివారాల్లో లీగ్ పూర్తి. నవంబర్‌లో మొదలుపెడితే సంక్రాంతికి ముందే ముగుస్తుంది. మ్యాచ్ 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో ఐదు నిమిషాలు. జట్టుకు 14 మంది, మొదటి సగం ఏడుగురు, రెండో సగం మిగిలిన ఏడుగురు. మ్యాచ్ అంతా బెంచీ మీదే కూర్చునే పిల్ల ఒక్కతీ ఉండదు. 112 మంది అమ్మాయిలు ఒక్కొక్కరు ఏడేసి మ్యాచ్‌లు ఆడతారు. రిఫరీలు మా వైపు నుంచి వస్తారు. వాళ్ళలో సగం మందిని అమ్మాయిల్లోంచే తయారు చేస్తాం.

అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) సంస్థ ఏళ్ళ తరబడి ఆటలకు మైదానాలు, శిక్షకులు, పోటీలు ఒకచోట కూర్చడంతో ఆ కరువు జిల్లా నుంచి అమ్మాయిలు ఫుట్‌బాల్‌కు వచ్చారు. జార్ఖండ్‌లో యువా సంస్థ పల్లెటూరి పిల్లలతో 2009లో మొదలై 2013లో స్పెయిన్ టోర్నీకి జట్టును పంపింది. నీళ్ళు, బస్సులు, బడులు అన్నీ ఉన్న విజయవాడకు ఇది మోయలేని బరువు కాదు.

9. ఇంటర్ రెండేళ్ళు.

అండర్-19 జట్టు అంటే ఇంటర్ చదివే పిల్లలే. మన నగరం, గుంటూరు ఇంటర్ చదువులకు పేరు పొందాయి. కానీ చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో మైదానం లేదు, బయటికి వదలరు. అక్క మాయమయ్యేది ఇక్కడే. వారానికి రెండు గంటలు, అందులో ఒకటి ఆదివారం, ఆడే విద్యార్థినులను తల్లిదండ్రుల అనుమతితో దగ్గరి మైదానానికి పంపాలని కాలేజీలకు ఉత్తర్వు ఇవ్వండి. రాష్ట్రం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. పదిహేనేళ్ళకే ఆట మానిపించాక ఆ కోటా మన అమ్మాయిలకు ఎలా అందుతుంది? ఏ స్థాయి పోటీకి ఏ సర్టిఫికెట్, ఏ ఫారం కావాలో తెలుగులో ఒక పేజీ అచ్చువేసి బడులకు పంపండి. ఆడి గెలిచి కూడా ఫారం మీద సరైన సంతకం లేక నష్టపోకూడదు.

10. డబ్బు.

ముప్పై మంది ఉన్న ఒక మైదానానికి మా అంచనా: బంతులు 15, ఒక్కొక్కటి 700 చొప్పున 10,500. జట్లను గుర్తుపట్టడానికి చొక్కా మీద వేసే రెండు రంగుల బిబ్‌లు 30కి 2,400. కోన్లు 40కి 600. పంపు, సూదులు 500. ముంగాలికి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్ గార్డులు 30 జతలకు 7,500. స్టడ్స్ 30 జతలకు 24,000. ప్రథమ చికిత్స పెట్టె 2,000. కలిపి 47,500 రూపాయలు. ఇద్దరు సహాయ శిక్షకులకు పది నెలల గౌరవ వేతనం లక్ష. ముగ్గుపిండి, నీళ్ళు కలుపుకుని మైదానానికి లక్షన్నర, నాలుగు మైదానాలకు ఆరు లక్షలు. గుడ్డు, చిక్కీ, స్పోర్ట్స్ బ్రా ఈ లెక్కలో లేవు, వాటిని భోజన పథకం నుంచీ బడుల కిట్ నిధుల నుంచీ అడుగుతున్నాం. పతకం తెచ్చాక ప్రభుత్వం నజరానాలు ఇస్తుంది, ఇవ్వాలి కూడా. ఆ పతకానికి ముందున్న పదేళ్ళ మీద కూడా కొంత పెట్టమంటున్నాం.

పౌరులకు, పత్రికల వారికి కొన్ని మాటలు.

ఆదివారం ఉదయం మ్యాచ్ పెడితే అమ్మలు రాలేరు. టిఫిన్లు, వంట, బట్టలు అన్నీ ఆ పూటే. అందుకే సాయంత్రం నాలుగున్నరకు పెట్టమంటున్నాం. వచ్చి గంట కూర్చోండి. తల్లి గట్టు మీద కూర్చున్న రోజు పిల్ల వేరేగా ఆడుతుంది, మైదానం చుట్టూ చేరే మగపిల్లల తీరు కూడా మారుతుంది. ఆటను వీడియో తీసి అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టకండి. ఒక్క వీడియో కింద పడిన చెత్త వ్యాఖ్యలు చూసి ఇళ్ళల్లో ఆట మాన్పించిన సందర్భాలున్నాయి. దుకాణదారులు జెర్సీల మీద పేరు వేయించుకోవాలంటే సంతోషం, కానీ ఒక్క ఏడాదికి కాకుండా మూడేళ్ళకు ఒప్పుకోండి. జిల్లా పేజీల విలేకరులకు మనవి: ఆదివారం రాత్రి ఏడింటికల్లా ఫలితాలు, గోల్ కొట్టిన అమ్మాయిల పేర్లు, తల్లిదండ్రుల అనుమతితో, మేం పంపుతాం. ముఖ్య అతిథి ఫొటో బదులు గోల్ కొట్టిన పిల్ల పేరు, బడి పేరు వేయండి. ఆ కత్తిరింపు ఇంట్లో దాచుకుంటారు, చుట్టాలకు చూపిస్తారు.

అధికారులను మేం గడువుతో కోరుతున్నవి ఇవి. ఏప్రిల్ చివరికి నాలుగు మైదానాల పేర్లు, వేళలు రాతపూర్వకంగా ప్రకటించాలి. మే నెలలో మరుగుదొడ్లు, దీపాలు, గుంతల పని పూర్తిచేయాలి, సహాయ శిక్షకుల ఎంపిక జరపాలి. జూన్ 12న బళ్ళు తెరిచే రోజుకు గేట్ల దగ్గర బోర్డులు ఉండాలి. జులైలో మొదటి హిమోగ్లోబిన్ పరీక్ష, నవంబర్ మొదటి ఆదివారం లీగ్ తొలి మ్యాచ్‌లు. ఇందులో ఏదైనా వీలుకాదంటే ఏది, ఎందుకు వీలుకాదో రాసి ఇవ్వండి, దానికి తగ్గట్టు మా ప్రతిపాదన మార్చుకుంటాం. మైదానాలను కలిసి నడిచి చూడడానికి మీరు పిలిచిన రోజు, పిలిచిన వేళకు కొలత టేపుతో వస్తాం.

ఇట్లు,
విజయవాడ నగరంలో అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పే శిక్షకులు, వ్యాయామ ఉపాధ్యాయులు, రిఫరీలు